మా దమయంతి రవివర్మ వేసిందేనా? పది నెలల పాట్లు

2024 సంక్రాంతికి బందరు దగ్గర మా ఊళ్ళోని పెంకుటిల్లు అమ్మేద్దామని అన్నయ్యా నేనూ నిర్ణయించుకున్నాం. సామాను పంచుకునేటప్పుడు ఎవరికీ అక్కర్లేక మిగిలింది ఒకే ఒక్క వస్తువు, మండువా గోడ మీద అద్దం వెనక నల్లబడిపోయిన దమయంతి బొమ్మ. ఎర్రచీర దమయంతి, ఎదురుగా హంస. రెండడుగుల పైచిలుకు ఎత్తు, అడుగున్నర వెడల్పు. టేకు ఫ్రేము ఒక మూల చెద తినేసింది. "నువ్వు తీసుకెళ్ళు, మీ హాల్లోకి బావుంటుంది" అని వదిన నాకు అంటగట్టింది.

ఆ బొమ్మ గురించి మా ఇంట్లో ఒక మాట ఉండేది. మా ముత్తాత ఒక జమీందారు దగ్గర గుమాస్తా. ఆయన పనికి మెచ్చి దివాణంవారు ఇచ్చారనీ, రవివర్మ స్వయంగా వేసిందనీ నాన్న చెప్పేవారు. నా చిన్నప్పుడు ఏడాదికోసారి అద్దం తీసి తుడిచేవారు. ఆ రోజు మాత్రం హంస మీద వేలు పెట్టనిచ్చేవారు. గరుగ్గా, గీతలు గీతలుగా తగిలేది. "చూశావా, కుంచె గీతలు. అచ్చు బొమ్మకు ఇలా ఉండవు" అనేవారు. పెద్దయ్యాక దాన్ని నమ్మానా అంటే నమ్మాననీ చెప్పలేను, లేదనీ చెప్పలేను. ఎప్పుడూ ఆలోచించలేదు, అంతే.

ఫిబ్రవరిలో మా బాబాయి కొడుకు ఫ్యామిలీ గ్రూపులో ఒక పాత వార్త పెట్టాడు. 2023 ఏప్రిల్‌లో ముంబయి వేలంలో రవివర్మ వేసిన యశోదాకృష్ణుల చిత్రం 38 కోట్లకు పోయిందని. కింద ఒకే లైను: "మన దమయంతి ఎక్కడుంది?" అంతే. సంక్రాంతికి ఎవరికీ అక్కర్లేని బొమ్మకు శివరాత్రి నాటికి నలుగురు వాటాదార్లు తేలారు. నేనేమీ అతీతురాలిని కాదు. ఆ రాత్రి నిద్రపట్టక 38ని నాలుగుతో భాగించి చూసుకున్నాను.

మార్చి 10, ఆదివారం. బొమ్మను హైదరాబాదు తెచ్చాం. ముందు తెలిసినవాళ్ళ ద్వారా ఒక కన్సర్వేటర్ (పాత చిత్రాలను పరీక్షించి బాగుచేసే నిపుణురాలు) నంబరు సంపాదించి ఫోన్ చేస్తే ఆవిడ కొన్ని జాగ్రత్తలు చెప్పారు. అద్దం పగిలినా ముక్కలు బొమ్మ మీద పడకుండా అడ్డంగా, నిలువుగా మాస్కింగ్ టేపు అంటించాలి. ప్లాస్టిక్ కవరు చుట్టకూడదు, లోపల చెమ్మ పడుతుంది. ఉతికిన నూలు చీర చుట్టాలి. పడుకోబెట్టకుండా నిలబెట్టే తీసుకురావాలి. ఏసీ గాలి నేరుగా తగలనివ్వకూడదు. చెక్క పెట్టె చేయించడానికి 3,200, కారుకు 8,500 అయింది. దారి పొడవునా వెనక సీట్లో దాన్ని పట్టుకుని కూర్చున్నాను. సూర్యాపేటలో టీకి కూడా దిగలేదు.

ఇక్కడే మేం తప్పు చేశాం. ఫోన్లో అన్ని జాగ్రత్తలు చెప్పిన ఆ కన్సర్వేటర్ దగ్గరికే ముందు వెళ్ళాల్సింది. కానీ మా తమ్ముడు (బాబాయి కొడుకే, గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్) మెషీన్ లెర్నింగ్‌తో చిత్రాలు పరీక్షించే విదేశీ కంపెనీ ఒకటి పట్టుకొచ్చాడు. ఫొటోలు పంపితే చాలు, బొమ్మ కదలక్కర్లేదు. ఎలాగూ నిజంగా రవివర్మదే అయితే దేశం దాటించడం కుదరదు. 1972 నాటి చట్టం కింద ఆయన చిత్రాలను 1979లోనే జాతీయ కళాసంపదగా ప్రకటించారు. ఫీజు 58,000. కార్డు మీద కడితే ఫారిన్ కరెన్సీ చార్జీలు ఇంకో 2,030. ఇది ఎవరూ ముందు చెప్పరు.

ఫోన్‌తో తీసిన ఫొటోలు పంపితే రెండు రోజుల్లో తిప్పికొట్టారు. అద్దం తీసెయ్యాలట, రెండు పక్కల నుంచీ సమానంగా వెలుతురు పడాలట, పక్కన రంగుల కార్డు పెట్టాలట. చివరికి చీరల షాపులకు ఫొటోలు తీసే కుర్రాడు 12,000కి ఒప్పుకున్నాడు. అద్దం తీసిన రోజు నాకు బాగా గుర్తు. చెదా, బూజూ, పాత వార్నిష్ కలిసిన వాసన. ఇల్లంతా ఒక్కసారి మా మండువా అయిపోయింది. ఒక మూల రంగు అద్దానికి అంటుకుని ఉంది, లాగేసరికి గోరంత పెచ్చు ఊడింది. ఆ పెచ్చును అగ్గిపెట్టెలో దాచాను. తర్వాత కన్సర్వేటర్ అది చూసి నన్ను మెచ్చుకున్న ఏకైక సందర్భం అదే.

ఏప్రిల్ 22న ఫైలు ఎక్కించాం. ఫలితం రావడానికి 17 రోజులు పట్టింది. ఆ 17 రోజులూ నేను వాళ్ళు పంపిన వివరణ పత్రం చదువుతూ కూర్చున్నాను. ఒక పక్క రవివర్మవని ఒప్పుకున్న తైలచిత్రాల ఫొటోలు, ఇంకో పక్క ఆయనవి కానివి, అంటే ఆ కాలపు ఇతరులవి, అనుకరణలు. ఒక్కో చిత్రాన్ని చదరపు ముక్కలుగా కోసి యంత్రానికి చూపిస్తారు. ఏది ఏ పక్కదో అది తనంతట తను నేర్చుకుంటుంది. ఆ తర్వాత మన బొమ్మ ముక్కలు చూపించి ఏ పక్కకు మొగ్గుతుందో చూస్తారు. చదువుతుంటే ఒక అనుమానం వచ్చింది. రవివర్మ తమ్ముడు సి.రాజరాజవర్మ కూడా చిత్రకారుడే, అన్నగారి చిత్రాల్లో ఆయన చేయి కూడా ఉంది. అలాంటప్పుడు యంత్రం నేర్చుకున్నది రవివర్మ చేతినా, అన్నదమ్ములిద్దరి చేతినా? తమ్ముడికి చెబితే "అక్కా, నువ్వు ఎక్కువ ఆలోచిస్తున్నావు" అన్నాడు. రెండో పక్క ఏమున్నాయో అడగాలని మాత్రం ఇద్దరికీ తట్టలేదు.

మే 9, సాయంత్రం నాలుగుంపావు. ఆఫీసులో ఉన్నాను. 81 శాతం రవివర్మ.

ఏం చెప్పను! కాళ్ళు తేలిపోయాయి. మేనేజరుకు తలనొప్పని చెప్పి ఇంటికొచ్చేశాను. రిపోర్టులో 14 పేజీలు ఉంటే మేం చదివింది మొదటి పేజీలోని ఆ ఒక్క అంకె. ఆరో పేజీలో మా బొమ్మ మీద ఎరుపు, నీలం మచ్చలు వేసిన పటం ఒకటి ఉంది. ఎర్రగా ఉన్నచోట రవివర్మ అయ్యే అవకాశం ఎక్కువ, నీలంగా ఉన్నచోట తక్కువ. దమయంతి మొహం, చీర ఎర్రగా మండిపోతున్నాయి. హంస, దాని కింద నేల నీలం. "హంస శిష్యులెవరైనా వేసి ఉంటారు" అని మా ఆయన తేల్చేశారు. మర్నాడు తెల్లవారుజామున అయిదున్నరకే బాబాయి ఫోను, పన్ను ఎంత పడుతుందో కనుక్కోమని. అన్నయ్య కూతురి అమెరికా చదువు ఖాయమైపోయింది. ఏలూరులో ఉన్న మా మేనత్తకు చెబితే, "ఆశ లావు, పీక సన్నం అని ఊరికే అన్నారటే" అని ఫోన్ పెట్టేసింది. 84 ఏళ్ళ మనిషి, ఆవిడకేం తెలుసులే అనుకున్నాం.

మే 20న ముంబయిలోని ఒక వేలం సంస్థకు రిపోర్టు పంపాం. జూన్ 6న నాలుగు లైన్ల జవాబు వచ్చింది. చిత్రం ఎవరి నుంచి ఎవరికి చేతులు మారిందో చూపే కాగితాలు, కన్సర్వేటర్ రిపోర్టు, రవివర్మ మీద పనిచేసిన పండితుల అభిప్రాయం కావాలి. ఏఐ శాతం ఒక్కదాన్నీ పరిగణించం. మర్యాదగానే రాశారు కానీ మాకు మొహం మీద తలుపు వేసినట్టయింది.

కాగితాల కోసం రెండు శని ఆదివారాలు ఊళ్ళో భోషాణం తిరగేశాం. శిస్తు రసీదులు, ఎవరెవరివో జాతకాలు, నానమ్మ గాజులు తాకట్టు పెట్టిన చీటీ దొరికాయి. దమయంతి పేరు ఎక్కడా లేదు. దివాణంవారు బహుమతులిచ్చేటప్పుడు బిల్లు రాసివ్వరు కదా.

ఆ రోజుల్లోనే ఇలాంటి కథలు వెతికి చదివాను. ఇంగ్లండులో డి బ్రెసీ టోండో అని ఒక గుండ్రటి మేరీమాత చిత్రం ఉంది. 2023 మొదట్లో ఒక కంప్యూటరు అందులో మేరీమాత మొహానికీ ఇటలీ చిత్రకారుడు రఫేలు వేసిన ఇంకో మేరీమాత మొహానికీ 97 శాతం పోలిక ఉందంది. అదే ఏడాది ఇంకో కంపెనీ యంత్రం 85 శాతం నమ్మకంతో ఇది రఫేలుది కాదంది. రెండూ కంప్యూటర్లే. ఒకటి మొహాల పోలిక చూస్తే ఇంకొకటి చేతి వాటం చూసిందట. అది చదివాక మా 81 మీద నాకు మొదటిసారి చలి పుట్టింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

కన్సర్వేటర్ అపాయింట్‌మెంట్ 26 రోజుల తర్వాత, జూలై 2న దొరికింది. పరీక్షకు 7,500. ఆవిడ ముందు బొమ్మ మొహమే చూడలేదు. బోర్లా పెట్టించి, వెనక వైపు ఇరవై నిమిషాలు చూశారు. గుడ్డ ఏ రకం, మేకులు ఎప్పటివి, అంచు ఎక్కడ కోశారు. తర్వాత గది చీకటి చేసి అతినీలలోహిత టార్చి వేశారు. బొమ్మంతా పాచిపట్టిన చెరువులా ఆకుపచ్చగా మెరిసింది. పాత జిగురు వార్నిష్ అలా వెలుగుతుందట. ఆ పచ్చదనం మధ్యలో హంస ఉన్నచోట మాత్రం నల్లటి గొయ్యి. కింద నేల, పైటచెంగు చివర కూడా నల్లగా. "ఇవి తర్వాత ఎవరో వేసినవి" అన్నారు. నేను తలూపాను. శిష్యులు!

దీపం వేసి, చిన్న మైక్రోస్కోపు లాంటిది లాప్‌టాప్‌కు తగిలించి దమయంతి చెంప మీద పెట్టారు. తెర మీద చుక్కలు కనిపించాయి. గులాబీ, పసుపు, గోధుమ, లేత నీలం. నువ్వులు ఒలకబోసినట్టు ఒక క్రమం లేకుండా, ఒకదాని మీద ఒకటి. కంటికి చెంపలా కనిపించేదంతా చుక్కలే. నుదురు మీద పెట్టారు, చుక్కలే. చీర మడత మీద పెట్టారు, చుక్కలే.

"ఇది అచ్చు అమ్మా. ఓలియోగ్రాఫు" అన్నారావిడ.

ఒక్కో రంగుకు ఒక్కో రాయి. రాతి మీద చేత్తో చుక్కలు పెట్టి, కాగితం మీద ఒకదాని తర్వాత ఒకటిగా అచ్చు వేసేవారట. తర్వాత కాన్వాసు నేత కనిపించేలా గట్టిగా ఒత్తి, గుడ్డ మీద అంటించి, వార్నిష్ పూస్తే చూడ్డానికి తైలచిత్రమే. రవివర్మ 1894లో బొంబాయిలో పెట్టిన ప్రెస్సు అదే పని చేసింది, ఆ తర్వాత లోనావాలా దగ్గర మాలవలికి మారింది. మన ఇళ్ళలో లక్ష్మీ సరస్వతులు గోడెక్కింది ఆ ప్రెస్సు పుణ్యమే. ఈ దమయంతి అసలు తైలచిత్రం 1899 నాటిది, తిరువనంతపురం శ్రీచిత్ర ఆర్ట్ గ్యాలరీలో ఉంది. ఆ సంగతి మాకూ తెలుసు. ఆయన ఒకే బొమ్మను మళ్ళీ మళ్ళీ వేసేవాడు కదా, మాది రెండోది అనుకున్నాం. అడుగున ప్రెస్సు పేరు ఉండే అంచును ఫ్రేము కట్టినవాడెవడో కత్తిరించేశాడు.

ఏడవలేదు. "మరి 81 శాతం?" అని మాత్రం అడిగాను.

"మీరు వాళ్ళను ఏమడిగారు?" అన్నారావిడ.

ఇది రవివర్మదేనా అని అడిగాం. యంత్రం దాన్ని 'రవివర్మలా ఉందా' అన్న ప్రశ్నగానే తీసుకోగలదు. ఉంటుంది మరి. ఆ కళ్ళు, ఆ నిలబడ్డ తీరు, ఆ వెలుగునీడలు అన్నీ ఆయన కల్పించినవే, అచ్చు వేసినవాళ్ళు ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాతి మీదికి ఎక్కించారు. పైగా మేం పంపిన అంత పెద్ద ఫొటోను యంత్రానికి పెట్టేముందు బాగా కుదిస్తారు. అర మిల్లీమీటరు కూడా లేని చుక్కలు ఆ కుదింపులో కలిసిపోయి చెంపే మిగులుతుంది. దూరం నుంచి చూసే మా నాన్నకు ఏం కనిపించిందో యంత్రానికీ అదే కనిపించింది.

ఇంటికొచ్చి ఆరో పేజీ తీశాను. ఆవిడ ఇచ్చిన అతినీలలోహిత ఫొటోను పక్కన పెట్టాను. ఒక దాంట్లో నీలం మచ్చలు, ఇంకో దాంట్లో నల్ల మచ్చలు. దాదాపు ఒకే హద్దులు. హంస, నేల, పైటచెంగు. ఇవి వేరే చెయ్యి అని మే నెలలోనే యంత్రం చెప్పింది, మేమే చదవలేదు. నిజం చెప్పాలంటే ఆ రోజు నాకు దాని మీద కోపం పోయి కాస్త గౌరవం కలిగింది.

తమ్ముడు కంపెనీకి ఘాటుగా మెయిల్ పెట్టాడు. తొమ్మిది రోజులకు జవాబు: రెండో పక్క చూపించిన వాటిలో ఓలియోగ్రాఫులు లేవు. పంపిన వస్తువు చేత్తో వేసిన చిత్రమేనన్న ఊహ మీద ఈ లెక్క ఆధారపడుతుందని పదకొండో పేజీలో రాశాం. నిజమే, రాశారు. చీమ తలకాయంత అక్షరాల్లో. డబ్బు వాపసు లేదు.

ఆ రోజు కన్సర్వేటర్ దగ్గర నుంచి వస్తూ కోఠీలో 450 పెట్టి పదింతలు పెద్దగా చూపే భూతద్దం కొన్నాను. ఇంట్లో క్యాలెండరు మీద పెట్టి చూస్తే, నేటి ఆఫ్‌సెట్ అచ్చులో చుక్కలు డ్రిల్లు పీరియడ్‌లో పిల్లల్లా వరసలు కట్టి ఉన్నాయి. దమయంతి చెంప మీద అవి సంతలో జనంలా ఉన్నాయి. వార్నిష్ మురికిగా ఉంటే అంత తేలిగ్గా కనబడవు, కానీ చీర అంచు దగ్గర నాకు స్పష్టంగానే కనిపించాయి. ఈ పని మార్చిలోనే, మండువాలోనే చేసుండవచ్చు.

అక్కడితో ఆగాల్సింది. బాబాయి ఆగనివ్వలేదు. "అచ్చు మీద రవివర్మే స్వయంగా హంసను దిద్ది ఉండవచ్చు కదమ్మా!" అన్నాడు. నవ్వొచ్చింది కానీ, కన్సర్వేటర్‌ను అడిగితే కొట్టిపారెయ్యలేదు. "రంగు ఏ కాలందో చూస్తే తేలిపోతుంది" అన్నారు. ఈసారి ఖర్చు బాబాయిది.

ఆగస్టు 19న ఒక ల్యాబులో ఎక్స్‌రే ఫ్లోరెసెన్స్ పరీక్ష. పూట అద్దె 15,000. పరికరం చూడ్డానికి జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరులా ఉంది. బొమ్మకు తగలకుండా దగ్గరగా పెట్టి ఒక్కో చోట ఒక నిమిషం. ఆ నిమిషం ఎదురుగా ఎవరూ నిలబడకూడదు. మొత్తం 14 చోట్ల చూశారు. రంగులో ఏ మూలకాలున్నాయో ఇది చెబుతుంది. సీసం ఉంటే పాతకాలపు సీసపు తెలుపు, జింకు ఉంటే జింకు తెలుపు, రెండూ రవివర్మ కాలంలో ఉన్నవే. టైటానియం ఉంటే మాత్రం కథ ముగిసినట్టే. టైటానియం తెలుపు మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచే బజారులోకి వచ్చింది, రవివర్మ 1906లో పోయాడు.

హంస మీద పెడితే గ్రాఫులో ఒక శిఖరం లేచింది. నేను బాబాయి వైపు చూశాను. ఆపరేటరు కుర్రాడు "ఆగండి మేడమ్, ఇది బేరియం కూడా కావచ్చు" అన్నాడు. ఈ పరీక్షలో బేరియం, టైటానియం సంకేతాలు దాదాపు ఒకే చోట పడతాయట. బేరియం కలిసిన తెల్లరంగులు పాతకాలంలోనూ ఉన్నాయి. బేరియానికి ఇంకోచోట వేరే శిఖరం ఉంటుంది కానీ ఆ చిన్న పరికరంలో అది సరిగా తేలలేదు. బాబాయి మొహం వెలిగిపోయింది. పూటకు పదిహేను వేలు పోసి మేం కొనుక్కున్నది ఇంకో అనుమానం.

దాంతో రామన్ పరీక్ష. విశాఖలో చదువుకున్న మన సి.వి.రామన్ కనిపెట్టిన సూత్రమే. లేజరు వేస్తే వెదజల్లే కాంతిని బట్టి ఆ పదార్థం ఫలానా అని చెబుతుంది, మూలకంతో ఆగదు. నమూనా కోసం హంస మీద ఇప్పటికే పగిలి ఉన్నచోట ఆవగింజలో పదో వంతు తీస్తామన్నారు. అందరి సంతకాలతో ఒప్పుకోలు పత్రం అడిగారు. అన్నయ్య రెండు వారాలు సంతకం పెట్టలేదు, "నాన్న బొమ్మను గిల్లుతారా" అని. అగ్గిపెట్టెలో పెచ్చు ఉంది కదా అన్నాను, అది హంసది కాదు, ఫ్రేము మూలదట. సెప్టెంబరు 14న నమూనా ఇచ్చాం, అక్టోబరు 23న ఫలితం వచ్చింది. 11,000. పరీక్ష జరిగేది అరగంట, మిగతా అయిదు వారాలూ క్యూ.

ఆ మధ్యలో ఒకసారి ఫోన్ చేస్తే కన్సర్వేటర్ నా టెన్షన్ చూసి జర్మనీ దొంగ చిత్రకారుడు బెల్ట్రాచ్చి కథ చెప్పారు. పాత కాన్వాసులు, పాత ఫ్రేములు వెతికి తెచ్చి ఏళ్ళ తరబడి అందరినీ బోల్తా కొట్టించినవాడు, జింకు తెలుపు అనుకుని ఒక ట్యూబు కొన్నాడు. అందులో టైటానియం కలిసి ఉందని ట్యూబు మీద రాయలేదు. 1914 నాటిదని 28 లక్షల పైచిలుకు యూరోలకు అమ్ముడైన చిత్రం దానితో బయటపడింది. 2011లో ఆరేళ్ళ శిక్ష పడింది. "అంత ఘనుడికే తప్పలేదు, మీ హంస ఎంత" అన్నారు.

మా హంసలో ఉన్నది టైటానియమే. అందులోనూ రూటైల్ రకం, అంటే 1940ల తర్వాతి రంగు. బాబాయి ఆ కాగితం రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకుని, "సరేలే" అన్నాడు. పది నెలల్లో ఆయన అంత చిన్న మాట అనడం అదే మొదలు.

కార్తీకమాసంలో ఏలూరు వెళ్ళినప్పుడు మేనత్తకు అంతా చెప్పాను. అతినీలలోహిత ఫొటో చూపించి, "ఇదిగో అత్తయ్యా, ఈ నల్లటిదంతా తర్వాత ఎవరో వేసింది" అన్నాను.

"ఎవరో ఏమిటే? ఆ హంస డ్రాయింగు మేష్టారు వేసింది కదూ!"

1977 ఉప్పెన. నవంబరు 19 రాత్రి మండువాలోకి నీళ్ళొచ్చాయి. గోడ మీది బొమ్మ ఊడి నీళ్ళలో పడింది. రెండు రోజులు అలాగే నానింది. మనుషులు బతికారా లేదా అని చూసుకునే రోజుల్లో బొమ్మనెవరు చూస్తారు? ఆరాక చూస్తే దమయంతి మిగిలింది కానీ హంస ఉన్నచోట పొక్కులు లేచి రాలిపోయింది. మరుసటి ఏడు బందరు నుంచి ఒక డ్రాయింగు మేష్టారిని పిలిపించారు. నాలుగు రోజులు మా ఇంట్లోనే తిని, పడుకుని దిద్దారు. కూలీగా బస్తా బియ్యం. తెల్లరంగు ట్యూబుదో, తలుపులకు వేసే డబ్బాదో అత్తయ్యకు గుర్తులేదు.

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?" అన్నాను.

"నన్నెవరైనా అడిగారా? కోట్లు వస్తాయని ఫోన్లు చేశారు, అంతే."

"మరి నాన్నకు తెలియదా?"

"వాడికి తెలియకపోవడమేంటి? మేష్టారిని సైకిలు మీద ఎక్కించుకొచ్చింది వాడే."

నేను చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నా వేలు పట్టుకుని హంస మీద పెట్టించి, ఇది రవివర్మ కుంచె గీత అని చెప్పింది ఆయనే. అప్పటికి ఉప్పెన వచ్చి పట్టుమని పదేళ్ళు కూడా కాలేదు. మర్చిపోయారా, లేక చెప్పీ చెప్పీ తనే నమ్మేశారా, నన్ను మురిపించడానికి అలా అన్నారా? అడగడానికి ఆయన లేరు. ఏ ల్యాబు దగ్గరా దీనికి పరీక్ష లేదు.

లెక్క అడిగేవాళ్ళ కోసం: పెట్టె, కారు, ఫొటోలు, ఏఐ, కార్డు చార్జీలు, కన్సర్వేటర్, రెండు పరీక్షలు కలిపి 1,17,230. నా భూతద్దం 450 ఇందులో లేదు. బెంగళూరులో ఓలియోగ్రాఫులు సేకరించే ఒక పెద్దాయన ఫొటోలు చూసి 22,000 ఇస్తానన్నారు. అంచు కత్తిరించకుండా ఉంటే, హంస దిద్దకుండా ఉంటే ఇంకా వచ్చేదట. మేష్టారి రంగు తొలగించడానికి 35,000 అవుతుందని, కింద అచ్చు మిగిలి ఉంటుందన్న నమ్మకం లేదని కన్సర్వేటర్ చెప్పారు. బాబాయి తీసేయించమంటాడు. అన్నయ్య, నేను వద్దన్నాం. అమ్మలేదు కూడా.

నిన్న ఫ్రేము మార్పించాను. చెద తిన్న మూలకు కొత్త టేకు అతికించి, అద్దం బొమ్మకు తగలకుండా మధ్యలో సన్నటి బద్ద పెట్టారు. ఇప్పుడది హాల్లో, ఎండ పడని గోడ మీద ఉంది. తమ్ముడు వచ్చి చూసి, హంసను క్రాప్ చేసి మళ్ళీ పంపితే తొంభై దాటుతుందంటున్నాడు.